డిసెబిలిటీ పెన్షన్: మెడికల్ బోర్డు నుంచి ట్రిబ్యునల్ దాకా ఏం చేయాలి

మిలిటరీలో దెబ్బ తగిలితే పెన్షన్ దానంతట అదే వస్తుందని చాలా ఇళ్లలో అనుకుంటారు. రాదు. ఆ దెబ్బ సర్వీసు వల్ల తగిలిందని గానీ, ఆ జబ్బు సర్వీసు వల్ల వచ్చిందని లేదా ముదిరిందని గానీ కాగితం మీద ఉండాలి. వైకల్యం కనీసం 20 శాతం అని మెడికల్ బోర్డు రాయాలి. ఈ రెంటిలో ఏది తప్పినా రికార్డ్స్ ఆఫీసు (మీ సర్వీసు కాగితాలు ఉండే ఆఫీసు) నుంచి వచ్చేది తిరస్కరణ లెటరే. ఆ లెటర్ చూసి ఫైలు అటక మీద పడేసినవాళ్లను చాలామందిని చూశాను. అప్పీలుకో, ట్రిబ్యునల్‌కో వెళ్లి గెలిచినవాళ్లూ తక్కువేం లేరు. తేడా ఎక్కువగా కాగితాల దగ్గరే వస్తుంది. అందుకే ఇందులో సగం కాగితాల గురించే ఉంటుంది, విసుక్కోకండి.

మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లలో అయితే ఈ సంగతులు అరుగు మీద కూర్చుంటేనే తెలుస్తాయి. ఊరికి ఒక్కరే ఫౌజీ ఉన్నచోట చెప్పేవాళ్లుండరు. ఇది ముఖ్యంగా వాళ్ల కోసం. జవాన్లు, ఎన్‌సీఓలు (నాయక్, హవల్దార్లు), జేసీఓలను (సుబేదార్లు) దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. నేవీ, ఎయిర్‌ఫోర్స్ వాళ్లకు ఆఫీసుల పేర్లు మారతాయి గానీ దారి ఇదే.

మొదటి పని: మీది ఏ రకమో తేల్చుకోండి

సర్వీసు మధ్యలో మెడికల్ బోర్డు పెట్టి ఇంటికి పంపేస్తే దాన్ని ఇన్‌వాలిడ్‌మెంట్ అంటారు, మనవాళ్ల మాటల్లో బోర్డ్ అవుట్. ఇలా వచ్చినవాళ్ల పెన్షన్‌లో రెండు భాగాలుంటాయి: సర్వీస్ ఎలిమెంట్, డిసెబిలిటీ ఎలిమెంట్. మామూలు పెన్షన్‌కు జవానుకు 15 ఏళ్ల సర్వీసు కావాలి కదా, ఇక్కడ ఆ నిబంధన అడ్డు రాదు. ఆరేళ్లకే బోర్డ్ అవుట్ అయినా, వైకల్యం సర్వీసు వల్లేనని తేలితే సర్వీస్ ఎలిమెంట్ కూడా ఇవ్వాలి.

టర్మ్ పూర్తి చేసి రిటైరైనా, రిటైరయ్యే నాటికి లో మెడికల్ కేటగిరీలో (అంటే పూర్తి ఫిట్ కాదని డాక్టర్లు తేల్చిన స్థితిలో) ఉన్నవాళ్లది రెండో రకం. వీళ్లకు మామూలు సర్వీస్ పెన్షన్ ఎలాగూ ఉంటుంది, దాని మీద డిసెబిలిటీ ఎలిమెంట్ కలుస్తుంది. సొంతంగా అడిగి ముందే వచ్చేసినవాళ్లకు ఇది రాదని ఒకప్పుడు అనేవారు. 2006 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ అలా వచ్చినవాళ్లకూ ఇవ్వాలని 2009లో రక్షణ శాఖే ఉత్తర్వు ఇచ్చింది. కాబట్టి "నువ్వే అడిగి వచ్చేశావుగా, నీకు రాదు" అని ఎవరన్నా అంటే ఆ మాట పట్టుకుని కూర్చోకండి.

యుద్ధంలో, శత్రువు కాల్పుల్లో గాయపడితే వార్ ఇంజురీ పెన్షన్. ఇది మామూలు డిసెబిలిటీ పెన్షన్ కన్నా చాలా ఎక్కువ. నూరు శాతం వైకల్యంతో బోర్డ్ అవుట్ అయితే వార్ ఇంజురీ ఎలిమెంట్ ఒక్కటే ఆఖరి జీతమంత ఉంటుంది. మీ గాయం ఈ కోవదై ఉండి కూడా మామూలు డిసెబిలిటీ కింద లెక్క కట్టారేమో పీపీఓలో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వులో) చూసుకోండి.

ఇక బోర్డ్ అవుట్ అయ్యారు గానీ జబ్బుకు సర్వీసుతో సంబంధం లేదని తేల్చారనుకోండి, అప్పుడు ఇన్‌వాలిడ్ పెన్షన్ ఉంటుంది. దీనికి పదేళ్ల సర్వీసు ఉండాలనే నియమాన్ని 2020 జులైలో సడలించారు. 2019 జనవరి 4 నాటికి గానీ, ఆ తర్వాత గానీ సర్వీసులో ఉన్నవాళ్లకు, మిలిటరీ ఉద్యోగానికీ బయటి ఉద్యోగానికీ కూడా పనికిరారని బోర్డు రాస్తే, పదేళ్లు నిండకపోయినా ఇస్తారు.

ఒక తేదీ గుర్తుపెట్టుకోండి: 2023 సెప్టెంబర్ 21. ఆ రోజు నుంచి బయటికి వచ్చినవాళ్లకు కొత్త ఎన్‌టైటిల్‌మెంట్ రూల్స్ వర్తిస్తాయి. వైకల్యం ఉన్నా సర్వీసులో కొనసాగి రిటైరైనవాళ్లకు ఇచ్చేదాన్ని ఈ రూల్స్‌లో ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్ అంటున్నారు. నేను కింద చెప్పే లెక్కలు అంతకు ముందు వచ్చినవాళ్లవి. మీరు ఆ తేదీ తర్వాత వచ్చి ఉంటే, మీ శాంక్షన్ లెటర్‌లో ఏ రూల్ కింద ఇచ్చారో చూసి ఆ తర్వాతే లెక్కలోకి దిగండి.

ఇంకా సర్వీసులోనే ఉంటే

ఇంట్లో కొడుకో తమ్ముడో ఇప్పుడు సర్వీసులో ఉంటే ఈ భాగం వాళ్లకు చదివి వినిపించండి. దెబ్బ తగిలిన రోజే ఇంజురీ రిపోర్ట్ తయారవ్వాలి. దాని నంబర్ ఐఏఎఫ్‌వై-2006. తీవ్రమైన దెబ్బ అయితే కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ కూడా జరుగుతుంది. అందులో ఆన్ డ్యూటీ అన్న మాట పడిందా లేదా అన్నది ఇరవై ఏళ్ల తర్వాత పెన్షన్‌ను తేలుస్తుంది. "చిన్న దెబ్బే సాబ్, పర్లేదు" అని ఎంఐ రూమ్‌లో (యూనిట్ వైద్య గదిలో) మాత్రలు వేసుకుని వచ్చేసే అలవాటు మన కుర్రాళ్లకు బాగా ఉంది. ఆ మోకాలే నలభై ఏళ్లప్పుడు మెట్లెక్కనివ్వదు, చూపించడానికి ఒక్క కాగితమూ ఉండదు.

సెలవులో జరిగిన ప్రమాదాల దగ్గర గొడవ ఎక్కువ. సెలవుకు ఇంటికి వస్తున్నప్పుడో, సెలవు అయిపోయి యూనిట్‌కు తిరిగి వెళ్తున్నప్పుడో, అది ప్రభుత్వ ఖర్చుతో చేసే ప్రయాణమైతే, దారిలో జరిగిన ప్రమాదం డ్యూటీలో జరిగినట్టే లెక్క. ఇంటికి చేరాక అత్తారింటికి బండి మీద వెళ్తూ పడితే ఆ లెక్క రాదు. రైల్వే వారెంట్, మూవ్‌మెంట్ ఆర్డర్, లీవ్ సర్టిఫికెట్ జిరాక్స్‌లు దాచుకోమనేది ఇందుకే.

ఇంకోటి. ఆపరేషన్ చేయించుకోమంటే కారణం చెప్పకుండా వద్దనకండి. వైద్యం నిరాకరించారా అన్న ప్రశ్న బోర్డు ఫారంలోనే ఉంటుంది. నిరాకరణ సమంజసం కాదని వాళ్లనుకుంటే శాతం తగ్గించవచ్చు. భయం ఉంటే, డాక్టరు వేరే మాట చెప్పి ఉంటే, ఆ కారణాన్ని రాతలో పెట్టండి.

కాగితాలు సంపాదించడం

రిటైరైనవాళ్లకు కావాల్సినవి ఇవి: డిస్చార్జ్ బుక్, పీపీఓ, మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్ అంటే ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16, అంతకు ముందు కేటగిరీ మార్చినప్పటి ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-15లు, ఇంజురీ రిపోర్ట్, కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ తీర్పు, ఆస్పత్రి కేస్ షీట్లు, తిరస్కరణ లెటర్. వీటన్నిటితో పాటు భర్తీ రోజు జరిగిన వైద్య పరీక్ష కాగితం. ఈ చివరిదాన్ని ఎవరూ అడగరు. కేసు గెలిపించేది చాలాసార్లు అదే, ఎందుకో కాసేపట్లో చెప్తాను.

ఇవి మీ దగ్గర లేకపోతే మీ రికార్డ్స్ ఆఫీసులో ఉంటాయి. ఏఓసీ (ఆర్డినెన్స్ కోర్), ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజినీర్స్) వాళ్ల రికార్డ్స్ సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. ఆర్టిలరీ ట్రైనింగ్ గోల్కొండలో అయినా రికార్డ్స్ మాత్రం నాసిక్ రోడ్‌లో. మద్రాస్ రెజిమెంట్‌ది వెల్లింగ్టన్, మద్రాస్ శాపర్స్‌ది బెంగళూరు, సిగ్నల్స్‌ది జబల్‌పూర్, డీఎస్‌సీ (డిఫెన్స్ సెక్యూరిటీ కోర్)ది కణ్ణూర్. నేవీ వాళ్లకు ముంబై మాన్‌ఖుర్ద్‌లోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్, ఎయిర్‌ఫోర్స్ వాళ్లకు ఢిల్లీ సుబ్రతో పార్క్.

ముందు మామూలు ఉత్తరం రాయండి. ఆర్మీ నంబర్, ర్యాంకు, పేరు, భర్తీ తేదీ, డిస్చార్జ్ తేదీ, ఏయే కాగితాలు కావాలో వరస నంబర్లతో. స్పీడ్ పోస్ట్‌లో పంపి రసీదు అదే కాపీకి పిన్ చేసుకోండి. నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు, ఆన్‌లైన్‌లో కూడా పెట్టొచ్చు. మీ సొంత మెడికల్ కాగితాలు మీరు అడుగుతున్నారు కాబట్టి గోప్యత అని చెప్పి ఆపడానికి కుదరదు. దరఖాస్తులో "నాకెందుకు పెన్షన్ ఇవ్వలేదు" అని ప్రశ్నలు వేయకండి. ఫలానా ఫారం సర్టిఫైడ్ కాపీ ఇవ్వండి అని మాత్రమే రాయండి. ప్రశ్నకు డొంకతిరుగుడు జవాబు వస్తుంది, కాపీ అడిగితే కాపీయే రావాలి.

ఆలస్యం చేయకండి. ఆస్పత్రి కాగితాలను నిర్ణీత కాలం తర్వాత నాశనం చేస్తారు.

ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 చదవడం

ఫారం చేతికొచ్చాక మొదటి పేజీల్లో మీ పోస్టింగుల పట్టిక ఉంటుంది: ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఏ చోట, పీస్ ఏరియానా (ప్రశాంతమైన కంటోన్మెంట్ లాంటిది) ఫీల్డ్ ఏరియానా (సరిహద్దు, ఆపరేషన్ల చోటు). దాన్ని డిస్చార్జ్ బుక్‌తో పోల్చి చూడండి. సియాచిన్‌లోనో, కుప్వారాలోనో చేసిన టెన్యూర్ అందులో జారిపోతే బోర్డు మిమ్మల్ని జీవితమంతా పీస్‌లోనే ఉన్నట్టు చూస్తుంది. ఆ తర్వాత మీరు సంతకం పెట్టిన పర్సనల్ స్టేట్‌మెంట్. భర్తీకి ముందు ఈ జబ్బు ఉందా అన్న ప్రశ్నకు మీ జవాబు ఏం రాశారో చూడండి. రాసింది గుమాస్తా, సంతకం మీది. అడిగినచోటల్లా సంతకం చేసి వచ్చినవాళ్లే ఎక్కువ.

అసలు గుట్టు బోర్డు అభిప్రాయం రాసే పేజీలో ఉంటుంది. అక్కడ గీతలు గీసిన పట్టికలో మీ జబ్బు పేరు, పక్కన అట్రిబ్యూటబుల్ అని ఒక గడి, ఏగ్రవేటెడ్ అని ఒక గడి, చివర కారణం రాయడానికి కొంచెం వెడల్పు గడి. మొదటి రెండు గడుల్లోనూ నో అని ఉంటే మీ కేసును నానా (నైదర్ అట్రిబ్యూటబుల్ నార్ ఏగ్రవేటెడ్‌కు పొట్టి పేరు) అంటారు. అట్రిబ్యూటబుల్ అంటే సర్వీసు వల్లే వచ్చింది. ఏగ్రవేటెడ్ అంటే వేరే కారణంతో వచ్చినా సర్వీసు పరిస్థితుల వల్ల ముదిరింది. ఈ రెంటిలో ఒక్కదానికి యస్ పడినా చాలు. రెండూ ఉండక్కర్లేదు.

ఇప్పుడు ఆ చివరి గడి చదవండి. "జబ్బు పీస్ ఏరియాలో మొదలైంది, సర్వీసుకు సంబంధం లేదు" అని ఒక్క వాక్యం ఉంటుంది చాలాసార్లు. బీపీ, షుగర్, మానసిక సమస్యలు, మూర్ఛ, వెన్ను నొప్పి, వీటన్నిటికీ దాదాపు అదే వాక్యం. సర్వీసుతో ఎందుకు సంబంధం లేదో అందులో ఉండదు. అప్పీలులో మీరు కొట్టాల్సింది సరిగ్గా ఆ గడినే.

కారణం ఇది. ధరంవీర్ సింగ్ అనే సిగ్నల్స్ జవాను 1985లో భర్తీ అయ్యాడు. మూర్ఛ వ్యాధి అని, 20 శాతం వైకల్యం అని 1994లో బోర్డ్ అవుట్ చేశారు, సర్వీసుకు సంబంధం లేదని పెన్షన్ ఇవ్వలేదు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భర్తీ రోజు వైద్య పరీక్షలో ఆ జబ్బు ఉన్నట్టు ఏమీ రాయకపోతే, అది సర్వీసులో వచ్చినట్టే భావించాలి, కాదని నిరూపించాల్సిన భారం ప్రభుత్వానిదే, ఊరికే నో అని రాస్తే చాలదు, బోర్డు కారణాలు చెప్పాలి అని 2013 జులైలో కోర్టు తీర్పు ఇచ్చింది. భర్తీ రోజు కాగితం సంపాదించమన్నది ఇందుకే. ఆ రోజు ఫిట్ అని తీసుకున్నారు, కాగితంలో ఏ జబ్బూ రాయలేదు: మీ వాదనకు పునాది ఇదే. 2023 నాటి కొత్త రూల్స్ కింద వచ్చినవాళ్లు మాత్రం ఈ వాదన ఎంతవరకు నిలుస్తుందో వకీలును అడిగి తెలుసుకోవాలి.

20 శాతం కంటే తక్కువ రాసి బోర్డ్ అవుట్ చేసినవాళ్లకు ఇంకో తీర్పు ఉంది. సుఖ్విందర్ సింగ్ కేసులో 2014లో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, ఒక మనిషిని ఉద్యోగానికే పనికిరాడని బయటికి పంపారంటే వైకల్యం 20 శాతానికి మించే ఉందని అనుకోవాలి. 15 శాతం అని రాసి ఇంటికి పంపేసిన కేసులకు ఇది ఆధారం.

ఎంత రావాలో లెక్క కట్టండి

ఆఖరి నెల బేసిక్, మిలిటరీ సర్వీస్ పే, ఎక్స్ గ్రూప్ (టెక్నికల్ ట్రేడ్‌ల గ్రూప్) అయితే ఆ పే కలిపిన మొత్తం తీసుకోండి. అందులో సగం సర్వీస్ ఎలిమెంట్. నూరు శాతం వైకల్యానికి డిసెబిలిటీ ఎలిమెంట్ ఆ మొత్తంలో 30 శాతం. తక్కువ వైకల్యానికి ఆ నిష్పత్తిలో తగ్గుతుంది.

మొత్తం 40,000 అనుకుందాం. సర్వీస్ ఎలిమెంట్ 20,000. నూరు శాతానికి డిసెబిలిటీ ఎలిమెంట్ 12,000. మీకు బోర్డు రాసింది 30 శాతమైతే మామూలుగా 3,600 రావాలి. ఇక్కడే బ్రాడ్ బ్యాండింగ్ వస్తుంది: 50 లోపు ఎంత ఉన్నా 50 కింద, 50 నుంచి 75 దాకా 75 కింద, 76 నుంచి పైన ఎంతైనా 100 కింద లెక్క కడతారు. అంటే మీ 30 శాతం 50 అవుతుంది, వచ్చేది 6,000. దీని మీద డియర్‌నెస్ రిలీఫ్ (పెన్షనర్ల కరువు భత్యం) అదనం.

ఈ బ్రాడ్ బ్యాండింగ్ మొదట బోర్డ్ అవుట్ అయినవాళ్లకే ఇచ్చారు. టర్మ్ పూర్తి చేసి రిటైరైనవాళ్లకూ ఇవ్వాల్సిందేనని రామ్ అవతార్ కేసులో 2014 డిసెంబర్ 10న సుప్రీంకోర్టు తేల్చింది. ఇన్నేళ్లయినా 30 శాతానికి 30 శాతమే తీసుకుంటున్న పెద్దవాళ్లు ఇంకా తగులుతూనే ఉంటారు. మీ నాన్నగారి పీపీఓ ఒకసారి తీసి చూడండి. వైకల్యం 30 అని, లెక్క కూడా 30కే అని ఉంటే రికార్డ్స్‌కు బ్రాడ్ బ్యాండింగ్ కోరుతూ ఉత్తరం రాయాలి.

నూరు శాతం వైకల్యం ఉండి, ఎప్పుడూ పక్కన మనిషి ఉండాలని బోర్డు రాస్తే కాన్‌స్టంట్ అటెండెన్స్ అలవెన్స్ వేరుగా వస్తుంది. ఏడో వేతన సంఘం తర్వాత దాన్ని నెలకు 6,750గా పెట్టారు. మంచం పట్టినవాళ్ల ఇళ్లలో కూడా దీన్ని అడగరు, భార్యే కదా చూసుకుంటోంది అని. భార్య చూసుకున్నా వస్తుంది, అడగండి.

2001 నాటి ఉత్తర్వు ప్రకారం వైకల్యం శాశ్వతం అని బోర్డు రాస్తే అది జీవితకాలానికి, మళ్లీ మళ్లీ బోర్డులకు పిలవకూడదు. శాశ్వతం కాదంటే ఒక్కసారి మాత్రం రీ-అసెస్‌మెంట్ ఉంటుంది. జబ్బు ముదిరిందని మీరే రివ్యూ అడగొచ్చు. అడిగే ముందు ఒకటి ఆలోచించుకోండి: రివ్యూ బోర్డు పెంచనూవచ్చు, తగ్గించనూవచ్చు. 50కి రౌండ్ అవుతున్న 30 శాతాన్ని 40 చేయమని అడగడంలో లాభం లేదు, ఎలాగూ 50 కిందే లెక్క. 50 గానీ అంతకు మించి గానీ ఉందని సివిల్ డాక్టర్ల రిపోర్టులు గట్టిగా చెప్తేనే వెళ్లండి.

తిరస్కరిస్తే

తిరస్కరణ లెటర్ తేదీ క్యాలెండర్ మీద రాసుకోండి. మొదటి అప్పీలుకు ఆరు నెలలు. రికార్డ్స్ ద్వారా ఇది అప్పిలేట్ కమిటీ ఆన్ ఫస్ట్ అప్పీల్స్‌కు వెళ్తుంది. అక్కడా కాదంటే మళ్లీ ఆరు నెలల్లో రెండో అప్పీలు. గడువు దాటితే దాటిన కారణంతో సహా పంపండి, పంపకుండా మాత్రం ఊరుకోకండి.

అప్పీలు రెండు పేజీలు మించక్కర్లేదు. దేశసేవ, త్యాగం, పిల్లల చదువులు, ఇవన్నీ రాయాలనిపిస్తుంది. కమిటీ చూసేది అది కాదు. ఇంగ్లిష్‌లో రాయించండి, అందులో ఉండాల్సిన సారం ఇది:

"నేను ఫలానా తేదీన భర్తీ అయ్యాను. ఆ రోజు వైద్య పరీక్షలో ఏ లోపమూ నమోదు కాలేదు, కాపీ జత చేశాను. ఫలానా సంవత్సరంలో ఫలానా చోట పోస్టింగ్‌లో ఉండగా ఈ జబ్బు మొదటిసారి బయటపడింది. అంతకు ముందు ఇన్నేళ్లు ఈ ఫీల్డ్ ఏరియాల్లో పనిచేశాను. మెడికల్ బోర్డు సర్వీసుతో సంబంధం లేదని రాసింది కానీ కారణం చెప్పలేదు. 2013 నాటి ధరంవీర్ సింగ్ తీర్పు ప్రకారం అలాంటి అభిప్రాయం చెల్లదు. నా వైకల్యాన్ని సర్వీసుకు ఆపాదించదగినదిగా, లేదా సర్వీసు వల్ల ముదిరినదిగా గుర్తించి డిసెబిలిటీ ఎలిమెంట్ మంజూరు చేయాలని కోరుతున్నాను."

గుండె జబ్బు కేసైతే నొప్పి రావడానికి ముందు పద్నాలుగు రోజులు మీరు చేసిన డ్యూటీల చార్టర్ (జాబితా) చాలా ముఖ్యం. యూనిట్ ఇచ్చిన ఆ కాగితం కేస్ షీట్లలో ఉందేమో వెతకండి. ఆ రోజుల్లో నైట్ గార్డులు, లాంగ్ మార్చ్, ఎక్సర్‌సైజ్ ఉంటే అప్పీలులో తేదీలతో రాయండి.

రెండు అప్పీళ్లూ పోయాక ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. 2007 చట్టంతో వచ్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లు చెన్నై బెంచ్ కిందికి వస్తారు. చివరి ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల్లో వేయాలి. అప్పీలు పెట్టి ఆరు నెలలైనా జవాబు రాకపోతే, ఇంక ఎదురుచూడకుండా ఆ తర్వాతి ఆరు నెలల్లో వేయొచ్చు. ఈ రెండో సంగతి తెలియక జవాబు కోసం ఏళ్లకేళ్లు కూర్చునేవాళ్లున్నారు.

ఆలస్యానికి ధర ఎంతో తర్సేమ్ సింగ్ కేసు చూస్తే తెలుస్తుంది. 1983లో బోర్డ్ అవుట్ అయ్యాడు, కోర్టుకు వెళ్లింది 1999లో. హైకోర్టు పదహారేళ్ల బకాయి ఇమ్మంది. సుప్రీంకోర్టు 2008లో దాన్ని కేసు వేయడానికి ముందు మూడేళ్లకు కుదించింది. పెన్షన్ హక్కు పోలేదు, పదమూడేళ్ల డబ్బు మాత్రం పోయింది. డిసెబిలిటీ కేసుల్లో ట్రిబ్యునళ్లు ఈ మూడేళ్ల లెక్కనే తరచు వాడతాయి. పాత కేసు కదా, ఇప్పుడేం వస్తుంది అనుకోకండి, నెలనెలా వచ్చేది ఇకమీదటైనా వస్తుంది.

వకీలు ఖర్చు గురించి. బకాయిలో వాటా ఇస్తేనే కేసు పడతామనేవాళ్ల దగ్గర ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టకండి. ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. 2025 జులైలో నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వీర్ పరివార్ సహాయతా యోజన మొదలుపెట్టింది. సైనిక బోర్డుల దగ్గరే ఉచిత న్యాయ సహాయ కేంద్రాలు నడపడం దాని ఉద్దేశం. మీ జిల్లాలో ఏ రోజు కూర్చుంటారో ఆ ఆఫీసులో అడగండి.

మంజూరయ్యాక స్పర్శ్‌లో చూడాల్సినవి

పెన్షన్ ఇప్పుడు స్పర్శ్ అనే ఆన్‌లైన్ పోర్టల్ నుంచి వస్తుంది, దాన్ని ప్రయాగ్‌రాజ్‌లోని పీసీడీఏ పెన్షన్స్ (రక్షణ శాఖ పెన్షన్ లెక్కల ఆఫీసు) నడుపుతుంది. లాగిన్ అయ్యాక పీపీఓ డౌన్‌లోడ్ చేసి పాత కాగితం పీపీఓ పక్కన పెట్టుకోండి. సర్వీస్ ఎలిమెంట్, డిసెబిలిటీ ఎలిమెంట్ విడివిడిగా ఉన్నాయా, శాతం అదేనా, రౌండ్ చేశారా, భార్య పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోతున్నాయా చూడండి. తేడా ఉంటే స్పర్శ్‌లోనే గ్రీవెన్స్ వేసి నంబర్ రాసుకోండి. కంప్యూటర్ రాకపోతే కామన్ సర్వీస్ సెంటర్‌లో చేస్తారు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ మరిచిపోతే పెన్షన్ ఆగిపోతుంది. వేలిముద్ర పడని పెద్దవాళ్లకు ఫోన్‌లో ముఖం చూపించి చేసే పద్ధతి ఉంది.

ఆదాయపు పన్ను సంగతి కూడా. బోర్డ్ అవుట్ అయినవాళ్ల డిసెబిలిటీ పెన్షన్‌కు, సర్వీస్ ఎలిమెంట్‌తో సహా, పన్ను మినహాయింపు ఉంది. టర్మ్ పూర్తయి రిటైరైనవాళ్లకు అది వర్తించదని 2019 జూన్‌లో సర్క్యులర్ వచ్చింది, దాని మీద కోర్టుల్లో వివాదం నడిచింది. రిటర్న్ వేసే ముందు ఆ ఏటి నిబంధన ఏమిటో ఆడిటర్‌ను అడగండి.

పెన్షన్ కాక

పుణెలోని ఆర్టిఫీషియల్ లింబ్ సెంటర్ కాళ్లూ చేతులూ పోయినవాళ్ల కోసమే ఉంది. నడుము కింద చచ్చుబడ్డవాళ్లకు ఖడ్కీ, మొహాలీల్లో పారాప్లెజిక్ కేంద్రాలున్నాయి. టర్మ్ పూర్తి కాకుండానే బోర్డ్ అవుట్ అయిన ఆర్మీ వాళ్లు ఏజీఐఎఫ్ (ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఫండ్) డిసెబిలిటీ బెనిఫిట్ వచ్చిందో లేదో పాత బ్యాంకు పుస్తకంలో చూసుకోవాలి. అది పెన్షన్‌తో సంబంధం లేని బీమా డబ్బు. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల గ్రూప్ సి, డి ఉద్యోగాల్లో మాజీ సైనికుల కోటాలో 4.5 శాతం వికలాంగ మాజీ సైనికులకు, యుద్ధంలో, సైనిక చర్యల్లో చనిపోయినవాళ్ల మీద ఆధారపడినవాళ్లకు కేటాయించారు. వైద్యానికి ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) కార్డు.

మిలిటరీ బోర్డు ఇచ్చిన శాతం వేరు, మన ఆస్పత్రుల్లో ఇచ్చే సదరం సర్టిఫికెట్ వేరు. ఒకదాన్ని చూపించి రెండోది అడిగితే ఇవ్వరు. బస్సు రాయితీకో, యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డుకో సదరం క్యాంపుకే వెళ్లాలి.

అగ్నివీర్లకు ఈ పెన్షన్ లేదు. సర్వీసు వల్ల వైకల్యం వస్తే ఒక్కసారి ఇచ్చే ఎక్స్‌గ్రేషియా ఉంది: వైకల్యం 100 శాతమైతే 44 లక్షలు, 75 అయితే 25 లక్షలు, 50 అయితే 15 లక్షలు. వాళ్ల విషయంలో ఇంజురీ రిపోర్ట్ ఇంకా గట్టిగా పట్టించుకోవాలి. తర్వాత అప్పీలు చేసి సరిదిద్దుకోవడానికి వాళ్ల చేతిలో పెన్షన్ ఫైలు ఉండదు.

ఇక బకాయి పడిన వారంలో ఫోన్లు మొదలవుతాయి. స్పర్శ్ ఆఫీసు నుంచి అంటారు, మీ పీపీఓ అప్‌డేట్ కాలేదంటారు, ఓటీపీ చెప్పమంటారు. హిందీలో గౌరవంగా సాబ్ అని పిలుస్తారు కాబట్టి మన పెద్దవాళ్లు నమ్మేస్తారు. ఏ పెన్షన్ ఆఫీసూ ఫోన్‌లో ఓటీపీ అడగదు. ఫోన్ పెట్టేసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి, డబ్బు పోయి ఉంటే అదే గంటలో.